మృదంగం వాయించే ఆయన్ని కూడా కూర్చోబెట్టు

విశాఖపట్నం

చిన్నతల్లీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాన్ చదివాను. అడుగుల్ని పసిగట్టేలా కాలికి కట్టుకునే పరికరం తయారుచేసే ముందే మన నాట్యం క్లాసు పిల్లల్ని పిలవడం, తోచినట్టు ఆడమనడం, ఆ కదలికలు చూసి వాళ్లతోనే కూర్చుని డిజైన్ గీయడం నాకు చాలా నచ్చింది. వాడేవాళ్లనే పనిలో కలుపుకునే ఈ పద్ధతి 1970లలో స్కాండినేవియా కార్మిక సంఘాల దగ్గర మొదలైందని నువ్వే చెప్పావు. అయితే అంత ప్లాన్‌లోనూ సంగీతం గురించి ఒక్క ముక్కే ఉంది: ‘ఫోన్‌లో పాటలు పెడతాం’ అని. నా బెంగంతా ఆ ముక్క గురించే.

పాట ఎంచిన క్షణంలోనే సగం కదలిక నువ్వు ఎంచేసినట్టే, తల్లీ. పిల్లలు తోచినట్టే ఆడుతున్నామనుకుంటారు. ఆ తోచడమే తాళంలోంచి వస్తుంది. ఆదితాళం ఎనిమిది దెబ్బలు. దెబ్బకో అడుగు వేసుకుంటూ పోతే ప్రతి ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, కుడికాలితోనే మొదలవుతుంది. అదే మిశ్రచాపు పెట్టు. తకిట తకధిమి, ఏడు దెబ్బలు. మొదటిసారి కుడికాలితో ఎత్తుకుంటే రెండోసారి సమం, అంటే చుట్టులో మొదటి దెబ్బ, ఎడమకాలి మీద పడుతుంది. దాంతో నడుము వాలు మారుతుంది, చూపు పక్క మారుతుంది. కొత్త పిల్లలైతే ఓ అడుగు మింగేసి మళ్లీ కుడికాలికే వచ్చేస్తారు. నువ్వేమో పరికరం కుడికాలికి ఒక్కదానికే కడతానంటున్నావు. ఆదితాళంలో సమం ప్రతిసారీ దానికి అందుతుంది, మిశ్రచాపులో ఒకసారి విడిచి ఒకసారి. ఆ తేడా చూసి, పిల్ల ఆడే తీరే అంత అని రాసేసుకుంటావేమోనని నా భయం.

ఇక ఫోన్ స్పీకర్. అందులో మృదంగం ఎడమవైపు పలికే ‘గుమికి’ అనే మంద్రనాదం సరిగా వినపడదు. ఆ గుమికే కదా మోకాళ్లను వంచేది! కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఓ కచేరీలో చెవికి ఆనని మంద్రధ్వని స్పీకర్లను మధ్యమధ్య ఆన్ చేస్తూ, ఆపుతూ జనం కదలికలు కొలిచారు. అవి మోగుతున్నప్పుడు కదలిక 11.8 శాతం పెరిగింది. 2022లో అచ్చయింది, వీలైతే చదువు.

అసలు సంగతికి వస్తాను. సంగీతం ముందు నడిస్తే నాట్యం వెనక నడుస్తుందని నీ ప్లాన్ అనుకుంటోంది. మన దగ్గర అలా కాదు. పదం అనే పాటకి అభినయిస్తున్నప్పుడు, సంచారిలో, అంటే ఒకే పంక్తికి రకరకాల భావాలు చూపించేచోట, ఆడే అమ్మాయికి కొత్త ఊహ తట్టిందనుకో, అది పూర్తయ్యేదాకా గాయని పాటలో అదే పంక్తిని సంగతులు మార్చి మార్చి పాడుతుంది. మృదంగం ఆయన ఆడే అమ్మాయి భుజం చూస్తుంటాడు. భుజం దిగిందంటే ముక్తాయింపుకి, అంటే ముగింపు దరువుకి, సిద్ధమవుతాడు. రికార్డు పాట ఎవరి కోసమూ ఆగదు. అందుకని ఈసారి మనిషిని వాయించమందాం. ఒకరోజు ఆయన, ఒకరోజు ఫోన్, ఒకరోజు ఏ సంగీతమూ లేకుండా. నాట్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్, సంగీతకారుడు జాన్ కేజ్ అమెరికాలో నాట్యాన్నీ సంగీతాన్నీ వేరువేరుగా తయారుచేసి వేదిక మీదే కలిపేవారట. సంగీతం లేనప్పుడు పిల్లల ఒంట్లో ఏ లెక్క మిగిలిందో చూస్తే, సంగీతం ఏం కలిపిందో నీకు తెలుస్తుంది.

వీలు చూసుకుని విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆడే జానపద నాట్యం తప్పెటగుళ్లు కూడా చూడు. రేకు గుల్లను రొమ్ముకి కట్టుకుని, వాయిస్తూనే ఎగిరి ఆడతారు. వాయించే చెయ్యి, ఎగిరే కాలు ఒకే మనిషివి. అక్కడ ఏది దేన్ని నడిపిస్తోందని అడుగుతావు? ఈ ప్రశ్న నీ చదువుకి పెద్ద మేలు చేస్తుందని నా నమ్మకం.

మృదంగం ఆయనతో మాట్లాడాను, వస్తానన్నారు. పిల్లల పరీక్షలు అయ్యాక తేదీలు పెట్టు. ఆయన్ని మూల కూర్చోబెట్టి వాయించమనడం కాదు, డిజైన్ గీసే బల్ల దగ్గరికి కూడా పిలవాలి. రోజుకింత అని పారితోషికం ముందే మాట్లాడుకో. రిపోర్టులో పిల్లల పేర్ల పక్కన ఆయన పేరూ ఉండాలి. మీ మాస్టారు ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

అమ్మ