వర్క్‌షాపు కాలిపోయిన తరువాత: మీ వస్తువులు, మీ డబ్బు, మా పని

ఇంటి వెనుక గదిలో నడుస్తున్న మా చెక్కపని వర్క్‌షాపు పోయిన నెలలో ఒక రాత్రి కాలిపోయింది. ఎవరికీ ఏ గాయమూ కాలేదు. అగ్నిమాపక సిబ్బంది వేళకు రావడంతో ఇల్లు నిలిచింది. వర్క్‌షాపు పైకప్పు, ఒక గోడ, సగానికి పైగా సామాను పోయాయి. ఈ సంగతి మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. ఫోను చేసినవారందరూ మా క్షేమం అడిగారే తప్ప తమ వస్తువు ఏమైందని ఒక్కరూ అడగలేదు. మొహమాటం కొద్దీ అడగలేదని నాకు తెలుసు. అందుకే మీరు అడగకముందే అన్నీ చెబుతున్నాను.

ముందు డబ్బు సంగతి. కొత్త వస్తువు కోసం మీరిచ్చిన బయానా మీ సొమ్మే. మేము కలప కొన్నామా, పని సగం అయిందా అన్న లెక్కలతో మీకు నిమిత్తం లేదు. వస్తువు మీ ఇంటికి చేరలేదు కాబట్టి డబ్బు మీది. వెనక్కి కావాలంటే ఒక్క మాట చెప్పండి, కారణం చెప్పనక్కరలేదు. ఇలాంటి సమయంలో అడిగితే బాగుండదేమో అనుకోవద్దు, నేను నొచ్చుకోను. అయితే అందరికీ ఒకేసారి ఇవ్వగల స్థితిలో నేను లేను. అడిగిన వరుసలోనే ఇస్తాను. ఎవరికి ఎప్పుడు ఇవ్వగలనో తేదీ ముందే చెబుతాను, ఆ తేదీ దాటనివ్వను. ఆగుతామన్నవారి ఆర్డర్లు పాత వరుసలోనే, పాత ధరకే ఉంటాయి. కలప మళ్లీ కొనవలసి వచ్చినా ఆ భారం మీ మీద వేయను.

ఇక వస్తువులు. పని పూర్తయి పాలిష్ కోసం ఇంట్లోని ముందు గదిలో పెట్టినవన్నీ దక్కాయి. వాటికి పొగ వాసన పట్టింది. ఆ వాసన పూర్తిగా పోయేవరకు మీకు పంపను. వర్క్‌షాపులో సగం పనిలో ఉన్న కుర్చీలు, పుస్తకాల అరలు, రాత బల్లలు కాలిపోయాయి. వాటిలో ఏ ముక్కనూ తిరిగి వాడడం లేదు. పైకి బాగున్నట్టు కనిపించే కాళ్లు, పట్టీలు కొన్ని మిగిలాయి కానీ వేడికి లోపలి జిగురు వదులైంది. అలాంటి కుర్చీ మీద మిమ్మల్ని కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు.

రాయడానికి నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది మరమ్మతుకు ఇచ్చిన పాత వస్తువుల సంగతి. తాతల నాటి పెట్టెలు, ఊయలలు, అద్దం చట్రాలు మీరు నమ్మి మా చేతిలో పెట్టారు. వాటిలో కొన్ని దక్కాయి, కొన్ని దక్కలేదు. ఎవరి వస్తువు ఏ స్థితిలో ఉందో వారికి నేనే విడివిడిగా చెప్పాను. కాలిపోయిన వస్తువు యజమానులు కొందరు, అలాంటిదే కొత్తది చేసి ఇవ్వగలరా అని అడిగారు. చేయగలను, డబ్బు తీసుకోకుండా చేస్తాను. కానీ అది ఆ పాత పెట్టె కాదు, కాబోదు. పాతదానిలాగే కనిపించేలా కావాలని గీతలు పెట్టడం, రంగు ముదరబెట్టడం నేను చేయను. మీరు పోగొట్టుకున్నదాని స్థానంలో ఒక నకిలీని పెట్టడం మీ పట్ల గౌరవం అనిపించుకోదు. కొత్తదిగానే చేస్తాను, చేతనైనంత బాగా చేస్తాను. పాత పెట్టెకున్న ఇత్తడి బందులు, గొళ్లేలు, తాళం పళ్లేలు బూడిదలో వెతికి తీశాను. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీల సెల్సియస్ చేరువ వేడి కావాలి, మా గదిలో చాలాచోట్ల అంత వేడి పుట్టలేదు. వాటిని శుభ్రం చేసి దాచాను. కొత్త పెట్టెకు బిగించమంటే బిగిస్తాను, విడిగా ఇమ్మంటే ఇస్తాను.

నిప్పు ఎలా పుట్టిందన్నది అందరూ అడుగుతున్న ప్రశ్న. పరిశీలించినవారు తేల్చినది ఇది. పొట్టు లాగే యంత్రానికి కరెంటు ఇచ్చే సాకెట్టు వెనుక, తీగను బిగించిన స్క్రూ వదులైంది. తీగ పాతది కాదు, సన్నదీ కాదు. యంత్రం అదురుకు గోడ అదరడం, కరెంటు పారినప్పుడల్లా లోహం వేడెక్కి వ్యాకోచించి మళ్లీ చల్లారడం, ఈ రెండూ కలిసి కాలక్రమంలో స్క్రూను సడలిస్తాయి. వదులైన అతుకు దగ్గర విద్యుత్తుకు నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి పుడుతుంది, వేడికి రాగి మీద చిలుము చేరి నిరోధం ఇంకా పెరుగుతుంది. బోర్డులో ఉండే ఎం.సి.బి. దీన్ని పసిగట్టలేదు. కరెంటు హద్దు మీరి పారినప్పుడో, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడో పడిపోవడమే దాని పని. ఇక్కడ పారుతున్నది మోటారుకు కావలసిన మామూలు కరెంటే. సాకెట్టు పెట్టె లోపల చేరిన సన్నటి రంపపు పొట్టు సాయంత్రం రాజుకుని, నివురుగప్పిన నిప్పులా గంటల తరబడి ఉండి, రాత్రి మంటగా లేచింది.

ఇంట్లో మోటార్లు, హీటర్లు, ఇస్త్రీ పెట్టెలు వాడేవారందరికీ ఒక మాట. ఎక్కువసేపు వాడిన తరువాత స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, దాని వెనుక భాగం తాకి చూడండి. చేతికి బాగా వేడి తగిలినా, సాకెట్టు అంచులు గోధుమ రంగుకు తిరిగినా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా దాన్ని వాడడం మానేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎం.సి.బి. పడలేదు కదా అని ఊరుకోవద్దు.

నూనె గుడ్డల వల్ల అంటుకుందా అని కొందరు అడిగారు. ఆ అనుమానం రావడం సహజమే. అవిసె నూనె పట్టించిన ప్రతి వస్తువుతో పాటు గుడ్డల గురించి హెచ్చరిక రాసి పంపేది నేనే కదా. కారణం అది కాదు. మా గుడ్డలు నీళ్లు పోసి మూత పెట్టిన ఇనుప డబ్బాలో ఉన్నాయి. శిథిలాల్లో ఆ డబ్బా దొరికింది, లోపల గుడ్డలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ హెచ్చరిక మాత్రం ఎప్పటికీ నిజం. అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని గట్టిపడుతుంది, అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండలా చుట్టి మూలన పడేస్తే లోపలే పోగై, నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది. మీ బల్లకు ఏడాదికోసారి నూనె పట్టించుకునేవారు గుడ్డను ఆరుబయట విడిగా పరిచి, పూర్తిగా గట్టిపడ్డాకే పారేయండి.

పనిముట్ల సంగతి మీకు అవసరమా అని రాసేముందు ఆలోచించాను. మీ వస్తువు ఎప్పుడు తయారవుతుందన్నది వాటి మీదే ఆధారపడి ఉంది కాబట్టి చెబుతున్నాను. ఒక మూల యంత్రం అల్యూమినియం పిడి కరిగి నేల మీద ముద్దగా గడ్డకట్టింది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, మిశ్రమమైతే ఇంకా ముందే. రెండో మూల రంపం యంత్రానికి రంగు కూడా పోలేదు. మంటల కంటే ఎక్కువ నష్టం చేసింది పొగ. కరెంటు తీగల మీది పి.వి.సి. తొడుగు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది మంట ఆర్పిన నీటి తడిలో కరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది. మంట సోకని ఇనుప పనిముట్లు కూడా తెల్లవారేసరికి ఎర్రగా తుప్పుపట్టి కనిపించాయి. నాతో పనిచేసే ఇద్దరు కుర్రవాళ్లు ఆ రోజు ఇంటికి వెళ్లనేలేదు. ప్రతి చిత్రికనూ, ప్రతి రంపాన్నీ వంటసోడా నీళ్లతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, నూనె రాశారు. ఇవాళ మా చేతిలో ఉన్న పనిముట్లలో సగం వాళ్ల పుణ్యమే.

ఉలుల కథ వేరు. ఉక్కు సుమారు 230 డిగ్రీల దగ్గర లేత పసుపు రంగుకు, 300 దగ్గర నీలానికి తిరుగుతుంది. నీలం తిరిగిన ఉలి చూడడానికి అందంగా ఉంటుంది కానీ దాని గట్టిదనం పోయినట్టే. నూరితే పదునెక్కుతుంది, టేకు ముక్క మీద నాలుగు దెబ్బలకే మొద్దుబారుతుంది. కమ్మరి పని తెలిసిన స్నేహితుడొకరు వాటిని తిరిగి కాల్చి ఇస్తున్నారు. అయస్కాంతం అంటుకోనంత వేడికి, అంటే 770 డిగ్రీలు దాటేవరకు కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ 200 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచాలి. కొన్ని పగిలాయి. బాగుపడినవాటితో పని మొదలుపెట్టాం.

కలప నన్ను ఆశ్చర్యపరిచింది. సందు లేకుండా దగ్గరగా పేర్చిన మందపాటి టేకు దుంగలు పైకి నల్లగా బొగ్గయ్యాయి, కోసి చూస్తే లోపల చెక్కుచెదరలేదు. చెక్క పైన ఏర్పడే బొగ్గు పొరే లోపలి చెక్కను కాపాడుతుంది. మందపాటి కలప నిమిషానికి ఒక మిల్లీమీటరు కంటే తక్కువ లోతుకే కాలుతుంది. బొగ్గు గీకేసి, దాని కింద ఇంకో 7 మిల్లీమీటర్లు కూడా తీసేస్తున్నాను. నిర్మాణ ఇంజనీర్లు ఆ పొరను బలం లేనిదిగానే లెక్కగడతారు, నేనూ అదే పాటిస్తున్నాను. మిగిలిన చెక్క బల్లలకు, పెట్టెలకు పనికివస్తుంది. కుర్చీ కాళ్ల వంటి బరువు మోసే భాగాలకు వాడను. అగ్నిలో దక్కిన కలప వద్దనుకునేవారు చెప్పండి, వేరే కలపతో చేస్తాను. ఏ వస్తువులో ఏ కలప వాడానో బిల్లు మీద రాసి ఇస్తాను.

తడిసిన పలకలు ఆరేవరకు ఆగక తప్పదు. ఇంట్లో ఉండే సామానుకు కలపలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. మా పలకల్లో ఇప్పుడు 20 దాటి ఉంది. ఎండలో పెడితే త్వరగా ఆరుతాయి, కానీ చివర్లు చీలి వంకర తిరుగుతాయి. నీడలో, పలకకూ పలకకూ మధ్య పుల్లలు పెట్టి, గాలికి ఆరనిస్తున్నాం. మీకు జరుగుతున్న ఆలస్యంలో పెద్ద భాగం ఇదే. దీన్ని తొందరపెట్టమని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను.

పొగ వాసన పట్టిన వస్తువులను ముందు పొడి స్పాంజితో తుడిచి మసి తీస్తాం. తడిగుడ్డ వేస్తే మసి చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది. తరువాత పైపొర గరుకు కాగితంతో తీసి, లక్క పాలిష్ పట్టిస్తాం. లక్క పొర వాసనను బయటకు రానివ్వదు, చాలాకాలంగా నమ్మకమైన పద్ధతి ఇది. నూనె పాలిష్ కోరినవారి వస్తువులకు కూడా కనిపించని లోపలి భాగాల్లో లక్కే వాడవలసి వస్తుంది. అది ఇష్టం లేకపోతే ముందే చెప్పండి.

బీమా గురించి దాపరికం లేకుండా చెబుతాను. ఇంటి బీమా ఇంటికే వర్తించింది. వ్యాపారానికి విడిగా ఉన్న పాలసీ యంత్రాలకు వర్తిస్తుంది. అయితే తరుగుదల పోగా మిగిలిన విలువే వస్తుంది, కొత్త యంత్రం ధర రాదు. మరమ్మతుకు మీరిచ్చిన వస్తువులు ఆ పాలసీలోకి రావు. ఆ నష్టం బీమా కంపెనీది కాదు, నాది. నేనే భరిస్తాను. ఇకపై మరమ్మతుకు వచ్చే ప్రతి వస్తువుకూ ఫొటో, కొలతలు, మీరూ నేనూ ఒప్పుకున్న విలువ కాగితం మీద ఉంటాయి. దాన్ని బీమాలో చేర్చాకే లోపలికి తీసుకుంటాను. ఇంట్లో వర్క్‌షాపు నడిపే తోటివారు తమ పాలసీ ఈ రాత్రే తీసి చదవండి. ఇతరుల వస్తువుల గురించి అందులో ఏముందో చూడండి.

కొత్త వర్క్‌షాపు ఇంటికి ఆనుకుని ఉండదు. అదే స్థలంలో ఇంటికి దూరంగా, చిన్నదిగా కడుతున్నాం. సాకెట్లన్నీ పొట్టు చొరబడని పెట్టెల్లో ఉంటాయి. వదులైన అతుకు దగ్గర పుట్టే మెరుపును గుర్తించి కరెంటు ఆపే పరికరం బోర్డులో పెట్టిస్తున్నాను. పొగను గుర్తించే అలారం పొట్టు ఎగిరినప్పుడల్లా మోగుతుంది కాబట్టి, వర్క్‌షాపులో వేడిని గుర్తించేది పెడతాం. 57 డిగ్రీల దగ్గర మోగేవి దొరుకుతాయి. పని ముగిశాక మెయిన్ స్విచ్చి ఆపడం, ఆ తరువాత ఒకసారి వచ్చి గది చూడడం ఇక మా ఇద్దరు కుర్రవాళ్ల మీదా, నా మీదా ఉన్న నియమం. స్థలం చిన్నది కాబట్టి ఒక్కసారికి ఒక్క పెద్ద వస్తువే చేయగలం. కొత్త ఆర్డర్లు ప్రస్తుతానికి తీసుకోవడం లేదు.

విరాళం సేకరిస్తామని చాలామంది అన్నారు. మీ మనసుకు కృతజ్ఞుణ్ని, కానీ వద్దు. అవసరం లేని వస్తువు నా కోసం కొనడమూ వద్దు. నాకు నిజంగా కావలసిన సాయం వేరే ఉంది, అది మీరు మాత్రమే చేయగలరు.

మా నమూనాలన్నీ కాలిపోయాయి. కుర్చీ వెనుక వంపు, చేతిపట్టీ మలుపు, ఊయల కోళ్లు, ప్రతిదానికీ పలుచని చెక్కతో కోసిన అచ్చులుండేవి. గీసుకున్న కొలతల పుస్తకాలూ పోయాయి. ఆ వంపులు ఇప్పుడు మీ ఇళ్లలో ఉన్న వస్తువుల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మా దగ్గర కుర్చీ గానీ ఊయల గానీ కొన్నవారు దాన్ని పక్కకు పడుకోబెట్టి, వెడల్పాటి కాగితం కింద పరిచి, పెన్సిలు నిటారుగా పట్టుకుని వంపు చుట్టూ గీత గీయండి. పెన్సిలు వాలితే కొలత మారిపోతుంది. కాగితం మీదే ఒక మూల స్కేలుతో 10 సెంటీమీటర్ల గీత గీయండి, ఫొటోలో పంపినా నేను అసలు కొలత పట్టుకోగలను. చెక్క మందం, కూర్చునే పలక ఎత్తు విడిగా రాయండి. పాత బిల్లు మీదున్న ఫోను నంబరే ఇప్పటికీ పనిచేస్తోంది. ముందుగా కావలసినవి చేతులున్న కుర్చీ వెనుక వంపు, పెద్ద ఊయల కోళ్లు. వరుసలో మొదట ఉన్న ఆర్డర్లు ఆ రెండే.