గాలి లేని స్టెప్నీతో డ్రైవింగ్ పాఠాలు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: శిక్షణ కారులోని భద్రతా లోపాలు, జాతీయ రహదారిపై మాకు ఎదురైన ప్రమాదం, శిక్షణ గంటల తప్పుడు నమోదు గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. వయసు 46. బడికి వెళ్లే బస్సు ఈ మధ్య ఒక్కటే అయింది, అది తప్పితే ఆటో కోసం గంట నిలబడాలి. అందుకని కారు నేర్చుకుందామని మీ శాఖలో 6,500 రూపాయలు కట్టి 21 రోజుల శిక్షణలో చేరాను. గత నెల 23వ తేదీ సాయంత్రం, నా శిక్షణ 18వ రోజున, 65వ నంబరు జాతీయ రహదారి మీద మీ కారు వెనుక టైరు పగిలింది. ఆ కారులో నలుగురం ఉన్నాం. నలుగురం క్షేమంగా ఇల్లు చేరామంటే అది దారిన పోయే ఒక లారీ డ్రైవరు మంచితనం.

ఈ ఉత్తరం రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. మొదట్లో నా కోపమంతా శిక్షకుడి మీదే ఉంది. తర్వాత నిబంధనలు తెప్పించుకుని చదివాను, మీ శాఖకు వెళ్లి కారును దగ్గర నుంచి చూశాను. ఆ కోపం ఎవరి మీద ఉండాలో అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీ శాఖ మేనేజరు దీన్ని 'చిన్న పంక్చర్' అని మీకు చెప్పి ఉంటారు. సూర్యాపేట దాటి కోదాడ వైపు వెళ్తున్నాం. స్టీరింగ్ ముందు నేను, పక్కన శిక్షకుడు, వెనుక సీట్లో డిగ్రీ చదివే ఒక అమ్మాయి, పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన. వెలుగు తగ్గుతోంది. వేగం 60 దగ్గర ఉంది. వెనుక ఎడమ వైపు నుంచి పెద్ద శబ్దం వచ్చి కారు ఒక్కసారిగా ఊగింది. నా కాలు నేరుగా బ్రేకు మీదికి పోయింది, ఒంట్లో బలమంతా పెట్టి తొక్కాను. శిక్షకుడు కూడా తన వైపు ఉన్న బ్రేకు తొక్కాడు. కారు కుడికి, డివైడర్ వైపు తిరిగి, మళ్లీ ఎడమకు వచ్చి, సగం రోడ్డు మీద, సగం మార్జిన్‌లో ఆగిపోయింది. వెనుక వస్తున్న బస్సు హారన్ మోగిస్తూ మా అద్దానికి జానెడు దూరంలో దూసుకుపోయింది. వెనుక సీట్లో ఆ అమ్మాయి ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

టైరు పగిలినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదట. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్‌ను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గాక మెల్లగా ఎడమకు తీయాలట. ఘర్షణ, జడత్వం పాఠాలు 20 ఏళ్లుగా చెబుతున్నాను. గాలి పోయిన చక్రం ఒక పక్కకు లాగుతున్నప్పుడు బ్రేకు వేస్తే కారు ఎందుకు తిరుగుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించగలను. కానీ ఆ అర సెకనులో చదువు అక్కరకు రాదు, కాలికి ఉన్న అలవాటే పని చేస్తుంది. ఆ అలవాటు చేయించడం మీ పని. 18 రోజుల్లో దాని గురించి ఒక్క మాట కూడా నేను వినలేదు.

కారు ఆగిన తర్వాత జరిగింది ఇంకా ఘోరం. నాలుగు ఇండికేటర్లు ఒకేసారి వెలిగించే మీట ఎక్కడుందో నాకు తెలియదు. శిక్షకుడు నొక్కితే మూడే వెలిగాయి. వెనుక కుడి వైపుది, అంటే బండ్లు దూసుకువచ్చే వైపుది, వెలగలేదు. వెనుక పెట్టే ఎర్ర త్రికోణం డిక్కీలో లేదు. 'దిగకండి, బండ్లు వస్తున్నాయి' అని శిక్షకుడు మమ్మల్ని లోపలే కూర్చోబెట్టాడు. చీకటి పడే వేళ, రోడ్డు మీద సగం ఆగి ఉన్న కారులో సీటు బెల్టులు పెట్టుకుని కూర్చున్నాం. ఆగి ఉన్న వాహనాన్ని వెనుక నుంచి వచ్చి గుద్దిన వార్త ఈ రహదారి పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు కొత్త కాదు. ఆ కొన్ని నిమిషాలూ నా కళ్లు అద్దంలోనే ఉన్నాయి.

పత్తి లోడుతో వెళ్తున్న లారీ ఒకటి ముందుకు వెళ్లి ఆగింది. డ్రైవరు పరుగున వచ్చి అన్న మొదటి మాట: 'అమ్మా, ముందు అందరూ ఎడమ వైపు నుంచి దిగండి, రోడ్డు కిందికి పొలం గట్టు మీదికి వెళ్లండి.' రెండో మాట శిక్షకుడితో: 'రిమ్ము పాడైతే పాడవనీ, బండిని పూర్తిగా పక్కకు తియ్యి.' తన లారీలోని త్రికోణం తెచ్చి చాలా వెనక్కి నడిచి పెట్టాడు. దాని వెనుక ఇంకొంత దూరంలో తుమ్మ కొమ్మ విరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టాడు. ఆ తర్వాతే టైరు సంగతి అడిగాడు.

మీ స్టెప్నీలో గాలి లేదు. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. జాకీ ఉంది. శిక్షకుడు కంగారులో నట్లు వదులు చేయకుండానే కారును పైకి లేపాడు. పానా పెట్టి తిప్పబోతే నట్లకు బదులు చక్రమే గిర్రున తిరిగింది, కారు జాకీ మీద ముందుకు కదిలింది. హ్యాండ్‌బ్రేకు వేయలేదు. లారీ డ్రైవరు కేక వేసి కారును కిందికి దింపించాడు. హ్యాండ్‌బ్రేకు వేయించి, మొదటి గేరులో పెట్టించి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయాలని, తర్వాతే జాకీ ఎత్తాలని, బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి బిగించుకుంటూ పోవాలని మా ముగ్గురికీ చూపిస్తూ చెప్పాడు. స్టెప్నీకి తన లారీ గాలి ట్యాంకు నుంచి పైపు పెట్టి గాలి పట్టాడు. నా మొత్తం శిక్షణలో నేను నేర్చుకున్న అసలైన పాఠం అదే. అది చెప్పిన మనిషి మీ దగ్గర జీతం తీసుకునేవాడు కాదు.

పని అయ్యాక ఆయన వెనక్కి నడిచి వెళ్లి కొమ్మను, రాళ్లను ఒక్కొక్కటిగా రోడ్డు కిందికి తీసి పడేశాడు. మనం వెళ్లిపోయాక రాత్రి స్కూటరు మీద వచ్చేవాడికి ఆ రాళ్లే ప్రమాదం అన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మిల్లు గేటు మూసేస్తారంటూ వెళ్లిపోయాడు.

జాతీయ రహదారుల మీద సాయానికి 1033 అనే నంబరు ఉందని ఇంటికి వచ్చాక మా అబ్బాయి చెప్పాడు. టోల్ ప్లాజాల దగ్గర బోర్డుల మీద కూడా రాసి ఉంటుంది. ఆ సాయంత్రం కారులో ఉన్న నలుగురిలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. మీ కారు అద్దం మీద మీ సంస్థ ఫోను నంబరు మూడు చోట్ల ఉంది. 1033, 108, 112 ఒక్కచోట కూడా లేవు.

మర్నాడు మా వీధి పంక్చర్ షాపు ఆయనను వెంటబెట్టుకుని మీ శాఖకు వెళ్లాను. టైరు గాడుల్లో అక్కడక్కడా చిన్న గట్లు ఉంటాయని, గాడి అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టేనని ఆయన చూపించాడు. కారు టైరుకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. మీ కారు మిగిలిన మూడు టైర్లలో రెండింటికి ఆ గట్లు ఎప్పుడో కలిసిపోయాయి. పగిలిన టైరు పక్కన ఉన్న నాలుగు అంకెలు 2816. అంటే 2016లో 28వ వారంలో తయారైంది. నా దగ్గర ఫోటోలు ఉన్నాయి, ఈ లేఖతో జతపరిచాను. ఇది తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు, వంగి చూస్తే చాలు. ప్రతి రోజూ ఉదయం ఆరు గంటలకు కొత్తవాళ్ల చేతికి ఇచ్చే కారును ఒక్కరోజైనా ఒక్కరైనా వంగి చూశారా?

ఇక నిబంధనల సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 24వ నియమం డ్రైవింగ్ పాఠశాలకు లైసెన్సు ఇవ్వాలంటే ఏమేమి ఉండాలో చెబుతుంది. పాఠం చెప్పే గది, నల్లబల్ల, ట్రాఫిక్ గుర్తుల పటం, ఇంజను, గేరుబాక్సు, బ్రేకు డ్రమ్ములు. వీటితో పాటు పంక్చర్ సామగ్రి, చక్రం విప్పే పానా, జాకీ, గాలి కొలిచే గేజి, ప్రథమ చికిత్స పెట్టె. మీ శాఖలో ఆ గది ఉంది. తాళం వేసి ఉంది. మేనేజరు గారి చేత తీయించి చూస్తే పటాల మీద దుమ్ము పేరుకుని ఉంది, గేజి కనిపించలేదు. ప్రథమ చికిత్స పెట్టెలో ఎండిపోయిన అయోడిన్ సీసా, ఒక దూది ఉండ ఉన్నాయి. లైసెన్సు వచ్చిన రోజున అన్నీ ఉండే ఉంటాయి.

31వ నియమం ఏం నేర్పాలో చెబుతుంది. బండి ఎక్కే ముందు చేయవలసిన పరీక్షలు అందులో ఉన్నాయి. బ్రేకు పని చేయకపోతే, టైరు పగిలితే ఏం చేయాలన్నది ఉంది. ప్రథమ చికిత్స ఉంది. సొంత బండి నడిపేవారికి కనీసం 21 రోజుల శిక్షణ, కనీసం పది గంటలు స్వయంగా నడపడం ఉండాలని ఉంది. బడిలో నేను సిలబస్‌లో సగం వదిలేసి పిల్లలకు ఉత్తీర్ణత పత్రం రాసిస్తే నన్ను ఏమంటారో ఒక్కసారి ఆలోచించండి.

గంటల విషయం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. నాకు రోజూ డైరీ రాసే అలవాటు ఉంది. 18 రోజుల్లో నేను స్టీరింగ్ పట్టిన సమయం మొత్తం 5 గంటల 10 నిమిషాలు. ముగ్గురిని ఒకే కారులో ఎక్కించి గంట తిప్పి పంపితే అంతే వస్తుంది. మీ రిజిస్టరులో నా పేరు ఎదురుగా రోజుకు అర్ధగంట లెక్కన 9 గంటలు రాసి ఉన్నాయి. మిగిలిన మూడు రోజుల గడులు కూడా ముందే నింపి ఉన్నాయి. అక్కడ సంతకం పెట్టమని మీ మేనేజరు అడిగారు. పెడితే శిక్షణ పూర్తయినట్టు పత్రం అప్పుడే ఇస్తానని, రెండు వేలు వెనక్కి ఇస్తానని అన్నారు. నేను పెట్టలేదు. సంతకం పెట్టినవాళ్లు ఎంతమంది ఇప్పుడు రోడ్ల మీద బండ్లు నడుపుతున్నారో మీకే తెలియాలి.

శిక్షకుడి గురించి ఒక మాట. ఆ అబ్బాయికి 24 ఏళ్లు ఉంటాయి. ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది వరకు ఒకే కారులో తిరుగుతాడు. స్టెప్నీలో గాలి లేదని తాను రెండుసార్లు చెప్పానని, గాలి పట్టించిన ఖర్చు తన జీతంలో నుంచి పోతుందని నాతో అన్నాడు. నేను ఫిర్యాదు చేస్తానని తెలిసి, ఉద్యోగం పోతుందేమోనని వణికిపోయాడు. అతణ్ణి తీసేసి చేతులు దులుపుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. అతనికి నేర్పించండి, పని గంటలు తగ్గించండి, చెడిపోయిన బండిని బయటికి తీయనని చెప్పే హక్కు ఇవ్వండి.

నేను అడిగేవి ఇవి. ఆ కారుకు నాలుగు టైర్లూ మార్చి, స్టెప్నీ, త్రికోణం, దీపాలు సరిచేసే వరకు దాన్ని బయటికి తీయవద్దు. మీ మిగిలిన శాఖల కార్లన్నీ కూడా ఒకసారి చూపించండి. నా రిజిస్టరులో నిజమైన సమయం రాసి, మిగిలిన 4 గంటల 50 నిమిషాలు నాకు సరైన కారులో నేర్పండి, లేదా నా డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి. నాకు మొదటిదే కావాలి, ఎందుకంటే నాకు కారు రావాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజునే కారు చుట్టూ తిరిగి చూడడం నేర్పండి. టైర్లు, స్టెప్నీలో గాలి, దీపాలు, అద్దాలు, కారు కింద నేల మీద నూనె మరక. బానెట్ ఎత్తి ఇంజన్ ఆయిల్, బ్రేకు ఆయిల్, కూలెంట్ చూడడం. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదన్న హెచ్చరిక. కూర్చున్నాక బ్రేకు ఒకసారి తొక్కి చూడడం, మెత్తగా లోపలికి పోతే బండి కదపకపోవడం. దీనికి ఐదు నిమిషాలు చాలు. ఇంకో రోజు ఖాళీ మైదానంలో ప్రతి ఒక్కరి చేతా ఒక్కసారైనా చక్రం మార్పించండి. ఆడవాళ్లతో 'మీకెందుకు మేడమ్, ఫోను చేస్తే మెకానిక్ వస్తాడు' అనడం మానమని మీ శిక్షకులకు చెప్పండి. ఆ మాట నాతో మూడో రోజునే అన్నారు. రాత్రి పూట సిగ్నల్ లేని చోట ఆగిపోయేది మేము కూడా.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే ఫోటోలు, డైరీ పుటలు, రశీదుతో జిల్లా రవాణా అధికారికి ఫిర్యాదు చేస్తాను. సేవాలోపం కింద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తాను. వెనుక సీట్లో ఉన్న పెద్దాయన తాను చూసింది చెబుతూ ఇచ్చిన వాంగ్మూలం కూడా జత చేశాను.

15 రోజుల గడువు జవాబుకు మాత్రమే. ఆ కారుకు కాదు. నిన్న ఉదయం బడికి వెళ్తుంటే అది మా వీధి మలుపులో కనిపించింది. అవే టైర్లు, నడుపుతున్నది ఆ డిగ్రీ అమ్మాయి. ఈ ఉత్తరం చదివిన వెంటనే మీ శాఖకు ఫోను చేసి దాన్ని ఆపించండి.

ఇట్లు,
మీ దగ్గర కారు నేర్చుకుంటున్న ఉపాధ్యాయురాలు
(పేరు, చిరునామా, రశీదు వివరాలు జతపరిచిన పత్రంలో ఉన్నాయి)