వార్షిక నివేదిక: పట్టాల పనిలో గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన నమూనా రైళ్ల సంఘం కొత్త బండి ఒక్కటి కూడా కొనలేదు. ఉన్న బళ్లు చాలు, అవి నడిచే దారి బాగుపడాలని కార్యవర్గం మొదటి సమావేశంలోనే అనుకుంది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం పట్టాలు, కంకర గురించే ఉంటుంది.

మనది హెచ్ఓ స్కేలు, అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు. అసలు లైన్‌లో 1435 మి.మీ. ఉండే స్టాండర్డ్ గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మన బోర్డు మీద 16.5 మి.మీ. అవుతుంది. బళ్ల దగ్గర ఈ లెక్క అందరం చూసుకుంటాం గానీ పట్టా ఎత్తు దగ్గరికొచ్చేసరికి వదిలేస్తున్నాం. మన పాత బోర్డుల మీద ఉన్నది కోడ్ 100 పట్టా (కోడ్ అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో పట్టా ఎత్తు). దాని ఎత్తు 2.54 మి.మీ., 87తో హెచ్చవేస్తే 22 సెంటీమీటర్లు. యూఐసీ 60 లాంటి బరువైన పట్టా కూడా అసలు లైన్‌లో 17.2 సెంటీమీటర్లే. ఇంజిన్ ఎంత చక్కగా ఉన్నా దారి బొమ్మదారిలా కనిపించడానికి ముఖ్యమైన కారణం ఇదే. అందుకే స్టేషన్ ముందు, కంటికి దగ్గరగా ఉండే బోర్డుల్లో కోడ్ 75 వేశాం. సొరంగంలోనూ వెనక యార్డులోనూ పాతదే ఉంచాం. అది గట్టిది, పైగా అక్కడ ఎవరికీ కనబడదు. చక్రాల అంచు లోతుగా ఉన్న కొన్ని పాత పెట్టెలు కొత్త పట్టా మీద, దాన్ని పట్టి ఉంచే బిగింపులకు టకటకమని తగులుతున్నాయి. వాటికి చక్రాలు మారుస్తున్నాం.

ఇక కంకర. అసలు లైన్‌లో 5 సెంటీమీటర్ల రాయి మన స్కేల్లో 0.6 మి.మీ. కూడా ఉండదు. మన దగ్గరున్న ప్యాకెట్లలో మిల్లీమీటరున్నర గుళికలు కూడా ఉన్నాయి. అవి పోస్తే పట్టాల మధ్య పెద్ద బండరాళ్లు పడ్డట్టే ఉంటుంది. అందుకే అంతా జల్లెడ పట్టి సన్నది మాత్రమే వాడాం. పొడిగా పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల పైనుంచి ఒక్కో గింజా దులిపాం. అసలు ఓపిక కావలసింది ఇక్కడే. ఈ దశలో తొందరపడితే తర్వాత ఎంత రంగు వేసినా సరిపడదు. ఆ తర్వాత ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు మంచులా చల్లి, సగానికి సగం నీళ్లు కలిపిన తెల్ల జిగురును డ్రాపర్‌తో వదిలాం. సబ్బు లేకపోతే జిగురు చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడి, కంకరను తనతో దొర్లించుకుపోతుంది. సబ్బు ఉంటే కంకరలోకి ఇంకిపోతుంది.

ప్రదర్శనకు ముందు రాత్రి పెద్ద టెన్షనే పడ్డాం. జిగురు పాయింట్ల (దారి రెండుగా చీలే చోట్ల) కదిలే నాలుకల కిందికి పారి గట్టిపడింది. నాలుక కదల్లేదు, ఒక లూప్ మొత్తం ఆగిపోయింది. గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, టూత్‌పిక్‌తో గింజ గింజా తీసేసరికి తెల్లవారింది. ఇకనుంచి పాయింట్ల దగ్గర కంకర వేసే ముందు నాలుకల కింద చిన్న నూనె చుక్క పూయాలని, అక్కడ జిగురు వీలైనంత తక్కువ వాడాలని తీర్మానించాం. ఆ రాత్రి కూర్చున్న సభ్యులందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

రంగుల పనిలో నాకు బాగా నచ్చింది ప్లాట్‌ఫారం చివర. ఇంజిన్ ఆగే చోట పట్టాల మధ్య నల్లటి నూనె మరక, అక్కడికి వచ్చే దారిలో కంకర మీద బ్రేకు దుమ్ము ఎరుపు. మన సభ్యురాలు ఒకరు అసలు స్టేషన్‌లో నిలబడి చూసి వచ్చి వేశారు. పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసి, పైభాగం మాత్రం మెరిసేలా తుడిచాం. వాడకం లేని సైడింగ్‌లో (పక్క లైన్‌లో) పైభాగాన్ని కూడా మసకగానే వదిలేశాం.

విద్యుత్ పనిలో ప్రతి పట్టా ముక్కకూ విడిగా వైరు సోల్డర్ చేశాం. అతుకుల మీద ఆధారపడితే కొన్నాళ్లకు కరెంటు అందక ఇంజిన్ ఎగిరెగిరి నడుస్తుంది. స్టాటిక్ గడ్డి (స్థిర విద్యుత్తుతో నిలబెట్టే సన్నటి పోగుల గడ్డి) పని సగమే అయింది. జమాఖర్చుల పట్టిక విడిగా పంచుతాం.

వచ్చే ఏడాది వంపుల్లో బయటి పట్టా కింద సన్నటి ముక్కలు పెట్టి కొద్దిగా ఎత్తు ఇవ్వాలని, ఆగిపోయిన గడ్డి పని పూర్తి చేయాలని అనుకుంటున్నాం. ఇంట్లో పాత మెత్తటి బ్రష్‌లు ఉన్నవాళ్లు తెచ్చివ్వండి, చాలా కావాలి.

కార్యదర్శి