పాత ఇళ్ల వైరింగ్‌ని కూడా పరీక్షించాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాతకాలం మిద్దెలు ఇంకా చాలా ఉన్నాయి. మాదీ అలాంటిదే. 1978లో మా మామగారు కట్టించారు. అప్పుడు ఇంటికంతా నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. ఇప్పుడు అవే వైర్ల మీద ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్, ఏసీ నడుస్తున్నాయి.

పోయిన కార్తీకంలో తెల్లవారుజామున స్నానానికి వెళ్లిన మా అత్తగారు మధ్యలోనే బయటికొచ్చేశారు. "కొళాయి ముట్టుకుంటే జిల్లుమంటా ఉండాదమ్మా" అన్నారు. చలికి అలా అనిపించిందేమో అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ బాత్రూమ్ బోర్డు విప్పాడు. వైరు మీది తొడుగు చెయ్యి తగలగానే నల్లగా పొడిపొడిగా రాలింది. ఎర్త్ వైరు దేనికీ కలపకుండా బోర్డు వెనక మడిచి పెట్టి ఉంది. మూడు పిన్నుల ప్లగ్ ఉంది కదా, ఎర్త్ కూడా ఉంటుందనే ఇన్నేళ్లూ అనుకున్నాం. పింగాణీ ఫ్యూజులోనేమో లోడ్ ఎక్కువైనా తెగని మందపాటి రాగి తీగ! మాటిమాటికీ ఫ్యూజు పోతోందని ఎప్పుడో మా ఇంట్లోవాళ్లే చుట్టించారు.

ఆయన ఇల్లంతా వైరింగ్ మార్చాలన్నాడు. ఇంకొకాయన వచ్చి పదేళ్ల దాకా ఢోకా లేదన్నాడు. ఎవరి మాట నమ్మాలి? చివరికి మెగ్గర్, అంటే వైరు తొడుగు కరెంటును ఎంత గట్టిగా ఆపుతోందో కొలిచే మీటరు, ఉన్నాయన్ని వెతికి పిలిపించాం. 500 వోల్టులతో పరీక్షిస్తే ఆ నిరోధం కనీసం 1 మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌లు) చూపించాలట. ముందు గదుల లైన్లు బాగానే ఉన్నాయి. వంటింటి లైను, బాత్రూమ్ లైను అందులో సగం కూడా చూపించలేదు. నవంబరు వానలకు ఏటా చెమ్మెక్కేది ఆ లైన్లున్న గోడే. ఆ రెండు లైన్లూ మార్పించి, కొత్తగా ఎర్త్ గుంత తీయించి, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్ పెట్టించాం. ఖర్చు మొదటాయన చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు.

ఇల్లు పాతదైనంత మాత్రాన అన్నీ పీకేయక్కర్లేదు. బల్బు వెలుగుతోంది కదా అని ఊరుకోనూకూడదు. గీజరు వేస్తే లైటు మసకబారినా, స్విచ్ బోర్డు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా వెంటనే చూపించుకోవాలి. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ 7, 8 లాగుతుంది. రెండూ ఒకే 1/18 సన్న వైరు మీద పడితే అది తట్టుకోలేదు. లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్ ఎంసీబీ. అది పడిపోతోందని పెద్దది బిగించడం ఇంకా ప్రమాదం. ఎంసీబీ ఆగేలోపే గోడలో వైరు కాలుతుంది.

మేము అదనపు లోడ్‌కి డబ్బు కట్టినప్పుడు మీటరు దాకా మాట్లాడారే తప్ప, ఇంటి లోపలి వైరు ఆ లోడ్ మోస్తుందా అని ఒక్కరూ అడగలేదు. ముప్పై ఏళ్లు దాటిన ఇళ్లకు లోడ్ పెంచేటప్పుడు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఇచ్చే పరీక్ష నివేదికను తప్పనిసరి చేయాలి. ఒక్కో ఇంటివారు మెగ్గర్ ఉన్నవాళ్ల కోసం ఊరంతా తిరగలేరు కాబట్టి, విద్యుత్ అధికారులు, నగరపాలక సంస్థ కలిసి వార్డు సచివాలయాల ద్వారా తక్కువ రుసుముతో ఈ పరీక్ష చేయించాలి. బాడుగకున్నవాళ్లు అడిగినా చేయాలి, ఎందుకంటే ఇంటి ఓనర్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. ఏసీలన్నీ ఒక్కసారిగా మొదలయ్యేది ఏప్రిల్‌లో. ఆలోపే ఇది మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక గృహిణి, తిరుపతి