పొరలు కడిగేదెవరు?

సంపాదకుడు గారికి,

మెంబ్రేన్ బయోరియాక్టర్లు (ఎంబీఆర్‌లు), అంటే సన్నని పొరలతో మురుగునీటిని వడగట్టే ప్లాంట్లు పెడితే మురుగు బాధ తీరుతుందని పోయిన ఆదివారం మీ పత్రికలో చదివాను. అప్పుడే రాద్దామనుకున్నాను, ట్యాంకర్ల గొడవలో పడి కుదరలేదు.

రాసినది తప్పని అనను. మామూలు మురుగుశుద్ధి ప్లాంటులో బురద అడుక్కి దిగేదాకా పెద్ద తొట్టిలో ఆగాలి. ఎంబీఆర్‌కి ఆ తొట్టే అక్కర్లేదు. మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతుకు అటూ ఇటూగా ఉండే రంధ్రాల పొరల గుండా నీటిని లాగేస్తే బురద, బాక్టీరియా ఇవతలే ఉండిపోతాయి. జాగా తక్కువ చాలు. గజం ధర వింటే కళ్లు తిరిగే ఊళ్లో అది చిన్న సంగతేమీ కాదు.

మరి ఆ పొరలు కడిగేదెవరో ఒక్కరూ రాయరేం? మా అపార్ట్‌మెంట్లో ఎంబీఆర్ ఉంది. బ్రోచర్లో రంగుల బొమ్మ కూడా వేశారు. పొరల కింద నుంచి ఎప్పుడూ గాలి కొడుతుండాలి. అప్పుడప్పుడూ హైపోక్లోరైట్‌తో (బ్లీచింగ్ లాంటి మందు), సిట్రిక్ యాసిడ్‌తో కడగాలి. బిల్డర్ వెళ్లిపోయాక కరెంటు బిల్లు చూసి మా కమిటీ వాళ్లు రాత్రిళ్లు ఆ గాలి కొట్టే బ్లోయర్ ఆపించారు. ముందున్న జల్లెడలో వెంట్రుకలు తీసే దిక్కు లేదు. రెండేళ్లలో పొరలు పూడుకుపోయాయి. కొత్తవాటి కొటేషన్ చూసి సెక్రటరీ గారు రాజీనామా చేశారు. ఇప్పుడా గదిలో వాచ్‌మన్ సైకిలు పెట్టుకుంటున్నాడు, మురుగు నాలాలోకి పోతోంది. ఇంతా చేసి మాలో సగం మంది ఇంజినీర్లం!

ఊరి సంగతి వేరేగా ఉందా? అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల ప్లాంటు ఎప్పటినుంచో ఉంది. 2021లో 3,866 కోట్లతో ఇంకో 31 అన్నారు. కట్టినవి కట్టారు, సంతోషం. కానీ శుద్ధి చేసిన నీటిని తీసుకెళ్లి, పక్క నాలాల పచ్చి మురుగు కలిసే అదే మూసీలో పోయడమేమిటి? పిల్లాడికి తలంటి బురదలోకి దింపినట్టుంది. పార్కులకేమో ఎండాకాలం బోరు నీళ్లు!

1908 వరద తర్వాత కట్టిన గండిపేట జలాశయం గేట్లు ఈరోజుకీ లేస్తున్నాయి. ఇప్పటి మోటార్లు శిలాఫలకం మీద రంగు ఆరేలోపే మూలుగుతాయి.

మా కాలనీ మురుగు చివరికి ఏ ప్లాంటుకు చేరుతుందని ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ 'రాసివ్వండి సార్' అన్నారు. ఇచ్చి నాలుగు నెలలైంది. ఎంబీఆర్లు తప్పకుండా పెట్టండి. పొరలు ఏడెనిమిదేళ్లకో పదేళ్లకో మార్చాల్సిందే కాబట్టి, ఆ డబ్బు ఎవరిస్తారో కూడా టెండర్లోనే రాసివ్వండి.

– ఒక రిటైర్డ్ ఉద్యోగి, నల్లగండ్ల, హైదరాబాద్