మాంసం వ్యర్థాలు కుక్కల పాలు కాకుండా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పొద్దున్న విశాఖలో మటన్ దుకాణాల దగ్గర కుక్కలు కాచుక్కూర్చుంటాయి. పనికిరాదని కోసి పడేసిన ఊపిరితిత్తుల ముక్కలు, నీటి బుడగలున్న కాలేయం ముక్కలు వాటికే వేస్తుంటారు. మూగజీవి కడుపు నిండుతోంది కదా అనుకుంటాం. కానీ కుక్కల ద్వారా మనుషులకు సోకే హైడాటిడ్ అనే పురుగుల జబ్బు ఉండేది ఆ బుడగల్లోనే.

అవి తిన్న కుక్క పేగుల్లో కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్క మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని మలంతో వచ్చే గుడ్లు మట్టికి, ఆకుకూరలకు, దాని బొచ్చుకు అంటుకుంటాయి. చేతులు కడుక్కోకుండా తింటే మన లోపలికి చేరి, ఎక్కువగా కాలేయంలోనే తిత్తి కడతాయి. మటన్ తినడం వల్ల ఇది రాదు. శాకాహారులకూ రావచ్చు. ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. తిత్తి పెద్దదయ్యాక కుడి డొక్కలో బరువు, నొప్పి, వికారం మొదలవుతాయి. పిత్తనాళంలోకి పగిలితే కామెర్లు వస్తాయి.

కాలేయంలో ప్రతి తిత్తీ ఇదే కాదు. వేరే దేనికో తీయించిన స్కానింగ్‌లో మా వదినకు 'లివర్‌లో సిస్ట్' అని వస్తే, క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం. అది మామూలు నీటితిత్తే, ఇబ్బంది లేకపోతే వైద్యం అక్కర్లేదని డాక్టరుగారు చెప్పారు. అయితే ఆయన ముందుగా అడిగింది, "చుట్టుపక్కల కుక్కలున్నాయామ్మా?" అని. ఈ ప్రశ్న డాక్టర్లందరూ అడగాలి. హైడాటిడ్ అయితే స్కాన్‌లో పెద్ద తిత్తి లోపల పిల్ల తిత్తులు కనిపించవచ్చు. అనుమానముంటే సీటీ స్కాన్, రక్తపరీక్ష చేస్తారు. అది తేలకుండా సూది గుచ్చి నీరు లాగితే, ఆ ద్రవం లోపల చిమ్మి అలర్జీతో బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మన నగరపాలక సంస్థ జీవీఎంసీ వారికి నా విన్నపం. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా ఎలాగూ చేయిస్తున్నారు. పట్టుకున్నప్పుడే బద్దెపురుగులు పోయే ప్రాజిక్వాంటెల్ మాత్ర కూడా వేయించండి. పెంపుడు కుక్కలకు పశువైద్యుణ్ణి అడిగి యజమానులే వేయించాలి. అయితే ఒక్కసారితో సరిపోదు. పచ్చి వ్యర్థాలు మళ్లీ తింటే పురుగులు మళ్లీ వస్తాయి. అసలు పరిష్కారం మటన్ దుకాణం దగ్గరే ఉంది. ప్రతి దుకాణంలో మూతున్న డబ్బా తప్పనిసరి చేసి, ఏ రోజు వ్యర్థం ఆ రోజే బండిలో తీసుకెళ్లాలి. ఆనందపురం, భీమిలి వైపు పల్లెల్లో బండి రాని చోట కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చినా చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మర్రిపాలెం, విశాఖపట్నం