శిక్షణ కేంద్రం కాదు, వెంట నడిచే మనిషి కావాలి: తిరుపతి కలెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బడి ఉంది, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యను 18 ఏళ్ల దాకా హక్కుగా ఇచ్చింది. ఆ తర్వాత మిగిలేది నెలకు 6,000 రూపాయల పింఛనే, మనిషి టీవీ ముందు కూర్చుంటాడు. ఇదేమిటని అడిగితే అధికారులు చెప్పే జవాబు ఒకటే: వృత్తి శిక్షణ కేంద్రం కట్టిస్తాం. అది వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

వీళ్లకు ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట దానంతటదే అక్కరకు రాదు. గదిలో ప్లాస్టిక్ నాణేలతో చిల్లర లెక్క సరిగ్గా చెప్పిన కుర్రవాడే, కొర్లగుంటలో కిరాణా కొట్టు ముందు నోటు పట్టుకుని దిక్కులు చూస్తాడు. కొట్లో రద్దీ, వెనక నిలబడ్డవాళ్ల తొందర ఆ పాఠంలో లేవు మరి. పని చేయాల్సిన చోటే పని నేర్పాలి.

తిరుపతిలో అలాంటి చోట్లకు కొదవ లేదు. రైల్వే స్టేషన్ చుట్టూ లాడ్జీలే. దిండు గలీబు మార్చడం చూడండి. పాతది తీయాలి, మరక ఉందేమో చూడాలి, మాసిన బట్టల బుట్టలో వేయాలి, కొత్తదాని కుట్టు లోపలివైపు ఉందో లేదో చూడాలి, దిండు మూలలు దూర్చాలి, దులపాలి, అంచు లోపలికి మడవాలి. మొత్తం ఏడు మెట్లు. ఉపాధ్యాయులుగా మేం చివరిది ముందు నేర్పుతాం: ఆరు మేం చేసి, ఏడోది నేర్చుకునే కుర్రవాడికి వదిలేస్తాం. పని ముగించింది తానేనన్న తృప్తి మొదటి రోజే దక్కుతుంది. అది వచ్చాక ఆరోది. మొదట చెయ్యి పట్టి, తర్వాత మోచెయ్యి తాకి, ఆ తర్వాత సైగతో. నోటితో చెప్పడం మాత్రం బాగా తగ్గించాలి. చెబుతూ పోతే, చెప్పేదాకా కదలని అలవాటు పడుతుంది, దాన్ని మాన్పించడం మహా కష్టం. అందుకే గోడకు ఏడు ఫొటోల పట్టీ అంటిస్తాం.

చెడేది పని దగ్గర కాదు. బ్రహ్మోత్సవాల రద్దీలో సూపర్‌వైజర్ వచ్చి 'ఇది వదిలెయ్, కిందకెళ్లి బకెట్లు మొయ్' అంటాడు. ఎందుకు మారిందో చెప్పడు. కుర్రవాడు మొండికేస్తాడు, సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. పట్టీలో ఒక ఫొటో మార్చి చూపించే మనిషి ఆ కాసేపు పక్కనుంటే చాలు, ఉద్యోగం నిలబడేది. మొదటి వారాల్లో ఆ మనిషి రోజంతా ఉండాలి, పోనుపోను తగ్గాలి, సూపర్‌వైజరో షిఫ్టో మారినప్పుడల్లా మళ్లీ రావాలి.

బస్సూ అంతే. రేణిగుంట నుంచి వచ్చేవాడితో మొదట పక్కన కూర్చుంటాం, తర్వాత వెనక సీట్లో, ఆపైన దిగేచోట ఎదురుచూస్తాం. దిగాల్సిన చోటికి హోర్డింగును గుర్తు పెట్టకూడదు, ఎన్నికలొస్తే బొమ్మ మారిపోతుంది. వంతెనో గుడి గోపురమో నయం. ఒకరోజు కావాలనే స్టాపు దాటించి, కండక్టర్‌కు జేబులోని కార్డు చూపించడం నేర్పాలి.

కాబట్టి కేంద్రానికి స్థలం వెతకడం ఆపి, నగరానికి నలుగురు జాబ్ కోచ్‌లను, అంటే పనిచోటే పక్కనుండి నేర్పేవాళ్లను, ఇవ్వండి. భారత పునరావాస మండలిలో (ఆర్‌సీఐ) నమోదైన ప్రత్యేక ఉపాధ్యాయులే అయితే మంచిది. ఒక్కొక్కరికి ఒక విడతలో నలుగురికి మించి అప్పగించవద్దు. లాడ్జీ యజమానులను మీరే పిలిచి మాట్లాడండి. దయతో ఇచ్చే సగం జీతం మాకొద్దు. పనిలో చేరితే పింఛను పోతుందని తల్లిదండ్రులు భయపడి పిల్లలను పంపడం లేదు. పోతుందో లేదో, ఎంత జీతం దాటితే పోతుందో సచివాలయాలకు రాతపూర్వకంగా చెప్పండి.

వైకల్య సర్టిఫికెట్ గురించి ఒక్క మాట. రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకోగలరో కొలిచే సామాజిక పరిణతి పరీక్షలో స్కోరు 36 నుంచి 54 మధ్య ఉంటే 75 శాతం వైకల్యమని రాస్తారు. ఆ అంకె చూసి 'వీడేం చేస్తాడు' అనుకోవద్దు. ఏ పనికి ఎంత తోడు కావాలో అది చెప్పదు.

ఇక బ్యాంకులు. 18 నిండగానే, అతని తరఫున వ్యవహరించే సంరక్షకుణ్ని నియమించినట్టు ఉత్తర్వు తెమ్మంటాయి. విడమరిచి చెబితే తానే సంతకం పెట్టగలిగినవాడిని కూడా అదే అడుగుతున్నాయి. ఇలాంటివారికి అది అక్కర్లేదని జిల్లా బ్యాంకర్ల సమావేశంలో చెప్పండి. నిజంగా అవసరమైనవారికి ఆ ఉత్తర్వు ఇవ్వాల్సింది 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఏర్పడే స్థానిక స్థాయి కమిటీ, దానికి పెద్ద మీరే. కమిటీ నెలకోసారి ఫలానా రోజు కూర్చుంటుందని ప్రకటించి, దరఖాస్తుకు కావాల్సిన కాగితాల జాబితాను తెలుగులో కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టించండి.

ఇట్లు,
మేధో వైకల్యం ఉన్న యువతకు పని నేర్పే ఉపాధ్యాయులం,
తిరుపతి